తూము కనిపించని పటం

పిడుగురాళ్ల నుంచి వాడరేవుకు వచ్చే జాతీయ రహదారి చిలకలూరిపేట దాటాక, సముద్రం దగ్గరపడేకొద్దీ నేల పళ్లెంలా పరుచుకుంటుంది. వాలు కంటికి ఆనదు. ఇలాంటి చోట మురుగుకాల్వ ఎటు తవ్వాలో చూపుతో తేలదు. లెక్క కట్టాల్సిందే.

ఆ లెక్క ఎత్తుల పటంతో మొదలవుతుంది. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహం ఒకే నేలను రెండు కెమెరాలతో రెండు కోణాల్లో ఫొటో తీసింది. రెండు కళ్లతో మనం దూరం పసిగట్టినట్టే, ఆ జంట ఫొటోలను పోల్చి కంప్యూటర్ నేల ఎత్తును రాబడుతుంది. దేశమంతా 30 మీటర్ల గళ్లు, గడికో ఎత్తు. ఒక గడిలో పడ్డ చినుకు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో బాగా పల్లమైనదాంట్లోకి జారుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని లక్షల గళ్లకు వర్తింపజేస్తే చాలు, తెర మీద వాగులు వాటంతటవే తేలతాయి.

అమరావతిలో ఈ లెక్క అవసరం బాగా తెలిసొచ్చింది. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం గుండా కొండవీటి వాగు పారుతుంది. నల్లరేగడి ఒకసారి నానితే నీళ్లు ఇంకవు. అటు కృష్ణ నిండుగా ఉంటే వాగు నీరు నదిలోకి దిగక పొలాల మీదికి ఎదురుతన్నుతుంది. అందుకే వాగును వెడల్పు చేయడం, నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు జలాశయాలు ప్రణాళికలోకి వచ్చాయి. 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం మొదలైంది. దాని సామర్థ్యం 5,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు సుమారు 1,41,600 లీటర్లు.

అయితే పటం పొరబడే చోట్లూ ఉన్నాయి. ఉపగ్రహానికి రోడ్డు కట్ట పైభాగమే కనిపిస్తుంది, దాని కింది తూము కనిపించదు. దాంతో కంప్యూటర్ అక్కడ లేని చెరువును గీస్తుంది. మనిషి వెళ్లి, తూము ఎక్కడుందో, నోరు ఎంత వెడల్పో, పూడిక ఎంతుందో కొలిచి నమోదు చేస్తేనే ఆ తప్పు పోతుంది. తీరంలో ఇంకో చిక్కు. ఉపగ్రహ కొలతలో కొన్ని మీటర్ల తేడా రావచ్చు, అక్కడి నేలలో ఎత్తుపల్లాల తేడా ఏమో అంతకంటే తక్కువ. అలాంటి చోట విమానం నుంచో డ్రోన్ నుంచో లేజర్‌తో కొలిచే లైడార్ కావాలి.

చీరాల అయినా, గుంటూరు అయినా, కొత్త రోడ్డుకు టెండరు పిలిచే ముందే తూములన్నీ లెక్కబెట్టి పటంలో చేర్చాలి. ఆ పటాన్ని వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. వానొస్తే తమ వీధి నీళ్లు ఎటు పోతాయో అక్కడివాళ్లకు తెలుసు. తప్పుంటే వాళ్లే చూపిస్తారు.