మర్మమా, రహస్యమా? ఆదిసంఘపు అంతరంగ ప్రార్థనను గూర్చి

గత సంవత్సరం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు యువకుడొకడు మమ్మును కలిశాడు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా ఒక ధ్యాన కేంద్రానికి వెళ్తున్నాననీ, అక్కడి నిశ్శబ్దం మన సంఘంలో ఎన్నడూ దొరకలేదనీ చెప్పాడు. "అయ్యగారూ, ప్రభువు కొందరికే రహస్యంగా నేర్పినదాన్ని సంఘం దాచిపెట్టిందట, నిజమేనా?" అని అడిగాడు. చేతిలో థోమా సువార్త ఉంది. అది దుర్బోధ అని రెండు మాటల్లో చెప్పి పంపివేశాము. ఇంటికి వచ్చాక తోచింది: అతడు అడిగినవి రెండు ప్రశ్నలు. దాచిన బోధ ఉన్నదా అనేది ఒకటి. మన విశ్వాసంలో నిశ్శబ్దానికి చోటున్నదా అనేది రెండవది. రెండవదాన్ని మేము వినిపించుకోనేలేదు.

మొదటి ప్రశ్నకు సంఘ చరిత్రలో స్పష్టమైన జవాబే ఉంది. 1945లో ఐగుప్తులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన కోప్తు గ్రంథాలలో థోమా సువార్త ఒకటి. 114 సూక్తులున్న ఈ గ్రంథం తన మాటలు మరుగైనవని మొదటనే చెప్పుకుంటుంది. రెండవ శతాబ్దపు గ్నోస్టిక్కులలో (ఈ పేరు విని నాస్తికులని పొరబడే విద్యార్థులు నేటికీ ఉన్నారు, వీరు 'జ్ఞానవాదులు') వాలెంటినస్ అనుచరులు మనుష్యులను మూడు తరగతులుగా విభజించారు: ఆత్మసంబంధులు, ప్రాణసంబంధులు, మట్టిసంబంధులు. మూడవ తరగతివారికి రక్షణ లేదు. థోమా సువార్తను వీరి బోధతో ఒకటిగా కలిపివేయడం సరికాదు గాని, రహస్యజ్ఞానం అనే మాట ఎక్కడికి దారితీయగలదో ఇక్కడ కనబడుతుంది. సుమారు 180లో లియోను అధ్యక్షుడైన ఐరేనియస్ దీనికి సూటిగా జవాబిచ్చాడు. అపొస్తలులకు మరుగైన మర్మాలు తెలిసి ఉంటే, సంఘాలను ఎవరి చేతికి అప్పగించారో వారికే ముందుగా చెప్పి ఉండేవారు కదా అన్నది అతని వాదన.

పుట్టుకతోనే కొందరు జ్ఞానానికి అర్హులు, కొందరు కారు అనే మాట తెలుగు సంఘాలకు కొత్తది కాదు. మన విశ్వాసుల్లో ఎక్కువమంది తాతముత్తాతలు ఆ మాటను వాడ చివర నిలబడి విన్నవారే. అందుచేత ఐరేనియస్ వాదన మనకు పాత పుస్తకాల గొడవ కాదు. కొలొస్సయులకు 1:26-28 చదివితే పౌలు 'మర్మము' అనే మాటను ఎలా వాడాడో తెలుస్తుంది. అది మరుగై ఉండి ఇప్పుడు బయలుపరచబడినది. 28వ వచనంలో 'ప్రతి మనుష్యుడు' అనే భావం మూడుసార్లు వస్తుంది.

అయితే ఆదిసంఘం ఏదీ దాచలేదా? దాచింది. సుమారు 350లో యెరూషలేములో సిరిల్ బాప్తిస్మార్థులకు బోధించినప్పుడు, విశ్వాసప్రమాణాన్ని కాగితం మీద వ్రాయక హృదయంలో వ్రాసుకొమ్మన్నాడు, బయట చెప్పవద్దన్నాడు. బాప్తిస్మం పొందినవారికి మాత్రం, దాసుడైనా చదువురానివాడైనా, సమస్తమూ అందేది. అది సిద్ధపాటు కొరకైన మరుగు, జన్మను బట్టి కాదు.

ఇక రెండవ ప్రశ్న. బి.డి. చదివిన రోజుల్లో మాకు సంఘ చరిత్ర నైసియా నుండి లూథరు వరకు పరుగెత్తింది, అరణ్య తండ్రులు అరగంటలో అయిపోయారు. లూథరే 1518లో 'జర్మన్ వేదాంతము' అనే మధ్యయుగపు అనుభవవాద గ్రంథాన్ని పూర్తిగా అచ్చువేయించి మెచ్చుకున్నాడన్న సంగతి చాలా ఏళ్ల తరువాత గాని తెలియలేదు.

జాన్ కాసియన్ నాల్గవ శతాబ్దం చివర ఐగుప్తు అరణ్యంలో సన్యాసులతో నివసించి, 420ల నాటికి 'సంభాషణలు' అనే గ్రంథం వ్రాశాడు. అందులో పదవ సంభాషణ ప్రతి కాపరీ చదవవలసినది. సెరాపియను అనే వృద్ధ సన్యాసి దేవునికి మనుష్యుని వంటి రూపం ఉన్నదని నమ్మి జీవితమంతా ప్రార్థించాడు. ఫొటీనస్ అనే పరిచారకుడు ఆదికాండము 1:26ను వివరించి ఆ పొరపాటు దిద్దాడు. వృద్ధుడు ఒప్పుకున్నాడు. కాని ప్రార్థనకు మోకరించేసరికి ఎదుట ఎవరూ లేరు. తన దేవుణ్ణి తీసుకొనిపోయారని నేలమీద పడి ఏడ్చాడు. సిద్ధాంతం సరియైనది, ప్రార్థన పోయింది. మేము ఆ యువకునికి చేసినదీ ఇంచుమించు ఇదే.

కాసియన్ ఆ కథ దగ్గర ఆగలేదు. అబ్బా ఇసాకు అదే సంభాషణలో ఒక చిన్న ప్రార్థన నేర్పుతాడు: 70వ కీర్తన మొదటి వచనం. ఆకలిలో, నిద్రపట్టనప్పుడు, కోపంలో, గర్వం పుట్టినప్పుడు, పనిలో, ప్రయాణంలో, దాన్నే విడువక చెప్పుకోవాలి. దేవుని రూపం ఊహించనక్కరలేదు, సహాయం అవసరమైనవాడినని ఒప్పుకుంటే చాలు. ఇది పెద్దలు కొద్దిమందికే, నిజమైన దాహం ఉన్నవారికే చెప్పేవారని ఇసాకు అంటాడు. కాసియన్ మాత్రం దాన్ని పుస్తకంలో వ్రాసి గాల్ దేశానికంతటికీ ఇచ్చేశాడు! తూర్పు సంఘాల్లో లూకా 18లోని సుంకరి, గ్రుడ్డివాడు పెట్టిన మొరల నుండి 'యేసు ప్రార్థన' ఇదే రీతిగా రూపు దిద్దుకుంది.

మత్తయి 6:7లోని వ్యర్థమైన మాటల సంగతేమిటని బోధకులు అడుగుతారు. అడగవలసినదే. కాని గెత్సేమనేలో ప్రభువు మూడవసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతున్నది. ఎక్కువ మాటలతో దేవుణ్ణి ఒప్పించవచ్చనుకోవడం వేరు, ఒక్క మాటలో నిలిచి కనిపెట్టడం వేరు. 'కనిపెట్టుట' అనే చక్కని మాట మన తెలుగు బైబిలులో ఉండగా దాన్ని మైకు హోరులో పోగొట్టుకున్నాము.

ఈ సంగతులన్నీ ఆ యువకునికి ఉత్తరంగా వ్రాశాము, ఆనాటి మా తొందరపాటుకు క్షమించమని కూడా. అతడు తిరిగి వ్రాస్తూ, బుధవారం కూడికలో పది నిమిషాలు మైకు ఆపి కూర్చోవచ్చునా అని అడిగాడు. సంఘ పెద్దలతో మాట్లాడుతున్నాము. ఇద్దరు ఒప్పుకున్నారు.