జీతమెంత కావాలంటే ‘మీ దయ’ అనకండి

“జీతం ఎంత కావాలి?” ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాగానే మన పల్లె కుర్రాళ్లు చాలామంది తల వంచుకుని “మీ దయ సార్” అంటారు. సంతలో ఎడ్ల జతకు పొద్దుగూకేదాకా బేరమాడే ఇళ్లలో పుట్టినవారే!

శ్రీసిటీ ఫ్యాక్టరీలకు, చెన్నై కంపెనీలకు వెళ్లే ఐటీఐ, డిప్లొమా వారు ముందే లెక్క కట్టుకోవాలి. గది అద్దె, మెస్సు, ఇంటికి పంపేది ఎంత? అదే పనికి అక్కడ ఇప్పటికే చేరినవారికి ఎంత ఇస్తున్నారు? “ఇంత నుంచి ఇంత” అంటే యజమాని కింది అంకెనే పట్టుకుంటాడు. కనుక అది కూడా గిట్టుబాటయ్యేదిగా ఉండాలి.

అసలు తిరకాసు మరొకటుంది. నెలకు 20,000 రూపాయలన్నారని చేరి, మొదటి జీతం చూసి తెల్లబోయేవారున్నారు. మూలవేతనం 10,000 అయితే భవిష్యనిధికి 12 శాతం, అంటే 1,200 కోత. యజమాని కట్టవలసిన 1,200 కూడా ఆ ఇరవై వేలలోనే కలిపి చెప్పే కంపెనీలున్నాయి. మిగిలేది 17,600. ఈఎస్‌ఐ, వృత్తిపన్ను ఉంటే అవీ అందులోంచే పోవాలి. అందుచేత “అన్నీ పోను చేతికెంత వస్తుంది సార్?” అని అక్కడే అడగాలి.

పాత జీతం పెంచి చెప్పడం మాత్రం ప్రమాదం. పే స్లిప్పు, బ్యాంకు పాస్‌బుక్కు చూపమంటారు. తక్కువైతే తక్కువనే చెప్పి, ఈలోగా నేర్చిన పని చూపి ఎక్కువ అడగవచ్చు.