వేరుసెనగ వంశము, దిగుబడి

వేరుసెనగ రాయలసీమ చేలకు ఎంత చిరపరిచితమైనను, దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఖండము. బొలీవియా, అర్జెంటీనా దేశముల సరిహద్దు ప్రాంతమున కొన్నివేల యేండ్ల క్రిందట డ్యూరనెన్సిస్, ఐపాయెన్సిస్ అను రెండు అడవి జాతులు సంకరమై యీ పంట జనించెను. వంశలక్షణములను మోయు సూక్ష్మమైన పోగులకు క్రోమోసోములని పేరు. ఆ యడవి మొక్కలకు ఒక్కొక్కదానికి 20 క్రోమోసోములు, వేరుసెనగకు 40.

ఇట్టి సంకరము ప్రకృతిలో మిక్కిలి అరుదు. కావున లోకమందలి వేరుసెనగ యంతయు బహుకొద్ది మొక్కల సంతానము. పైగా దీని పువ్వు తన పుప్పొడితోనే తాను ఫలించును గనుక క్రొత్త లక్షణములు వచ్చి చేరు దారి యిఱుకు. కాయల పరిమాణమునందును, గింజల రంగునందును పెక్కు భేదములు కన్పట్టినను లోపలి వైవిధ్యము స్వల్పమే.

దీనివలన రైతునకు కలుగు నష్టమేమి? చేనిలోని మొక్కలన్నియు ఒక్క పోలికవైనచో, ఒకదానిని పట్టిన తెగులు అన్నింటిని పట్టును. ఆకుమచ్చ తెగులు, త్రుప్పు తెగులు కలిసివచ్చినయెడల ఆకులు రాలి, సగము పంట సైతము పోవుట కలదు. వానను నమ్ముకొన్న మెట్టరైతు మందులకై అప్పుచేయవలసివచ్చును. 1940లో తిండివనమునుండి వెలువడిన టి.ఎం.వి. 2 అను వంగడమునే అనంతపురము రైతులు దశాబ్దములకొలది విత్తిరి. ఎక్కువ కాయుట మాత్రమే చాలదు. కాచినది దక్కించుకొనగల వంగడము కావలెను.

అట్టిదానిని సంకరము చేసి సాధింతురు. సాయంకాలమున, మఱునాడు విచ్చుకొనబోవు మొగ్గను విప్పి, కేసరములను శ్రావణముతో తొలగింతురు. ఉదయమున వేఱొక మొక్క పుప్పొడిని కీలాగ్రమునకు అద్దుదురు. అది ఫలించినచో ఊడ నేలలోనికి దిగి కాయకట్టును. ఆ గింజల సంతతిలో మేలైనవానిని తరతరమున ఏరుచు పెక్కేండ్లు పరీక్షింతురు.

అడవి జాతులయందు తెగుళ్లకు లొంగని గుణము హెచ్చు. కాని వానితో కలుపుట కష్టము. 40 క్రోమోసోముల మొక్కకు 20 గల మొక్కతో పుట్టిన సంతానమునకు 30 వచ్చును; అవి సరిగా జతపడజాలక మొక్క గొడ్డుపోవును. కాల్చిసీన్ అను మందుచే ఆ సంఖ్యను 60కి రెట్టింపజేసినచో మరల గింజకట్టును. పిదపటి తరములలో 40కి దిగినవానిని ఏరుకొందురు. 1960 తరువాతి దశకమున అమెరికాలోని ఉత్తర కరోలీనాలో కార్డెనాసీ అను బొలీవియా యడవి జాతితో ఇట్లే సంకరము సాధించిరి. దాని సంతతి, 1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరువున నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థకు చేరి, తెగుళ్లను ఓర్చు వంశములకు మూలమయ్యెను. ధార్వాడ శాస్త్రజ్ఞులు సృష్టించిన జి.పి.బి.డి. 4 వంగడము ఆ కోవలోనిదే.

బొలీవియా కొండల మొక్క, అమెరికా పరిశోధకుల శ్రమ, భారత రైతు చేను ఇట్లు ఒక్క గింజలో కలిసినవి. ఏ దేశమైనను తన విత్తనమును తలుపు మూసి దాచుకొనియుండినచో ఈ మేలు కలుగకపోవును. ఇక్రిశాట్ విత్తన భాండాగారమున 15,000కు పైగా వేరుసెనగ నమూనాలు చలువగదులలో భద్రపఱుపబడియున్నవి. వానిలో అనేకములు చిన్నకాయలవి, తక్కువ పండునవి. అయినను రేపు రాబోవు తెగులునకు మందు వానిలో దేనియందున్నదో యెవరెఱుగుదురు? కావున విద్యార్థులారా, మీ యూర ఎవరైనను పాత నాటువిత్తనమును ఇంకను విత్తుచున్నచో దానిని చులకన చేయకుడు. దాని పేరును, గుణమును అడిగి తెలిసికొనుడు. పిడికెడు గింజలు అడిగి తెచ్చి పెరటిలో నాటుడు.