ఎక్కడ మొదలెట్టినా.. ఒకటికే!

రాజపాళయం: వంద.. నలభై.. పదహారు.. ఎనిమిది.. నాలుగు.. రెండు.. ఒకటి. ఈ దిగుడుమెట్ల లెక్కను లోతుగా తవ్విన మనిషి ఎక్కడివారో కాదు. రాజపాళయం నుంచి తెన్‌కాశి మీదుగా కుర్తాళం వెళితే పక్కనే ఉండే వల్లంలో 1901లో పుట్టిన ఎస్.ఎస్.పిళ్లై. 1929లో అమెరికా గణిత సంఘం బులెటిన్‌లో దీనిపై వ్యాసం రాశారు.

లెక్క ఇదీ. ఓ సంఖ్య తీసుకోవాలి. అంతవరకూ ఉన్న అంకెల్లో, దానితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్నో చూడాలి. పదికైతే 1, 3, 7, 9.. అంటే నాలుగు. ఆ నాలుక్కీ మళ్లీ అదే పని. రెండొస్తుంది. ఆపై ఒకటి.

వంద సంఖ్యలకు వేసి చూశాం, అన్నీ ఆగాయి అంటే గణిత ఒలింపియాడ్‌లో మార్కులు పడవు. ఎందుకు ఆగాలో చెప్పాలి. ఒకటి దాటిన ఏ సంఖ్యకైనా జవాబు దానికన్నా చిన్నదే. సున్నా రాదు. తగ్గుతూ పోయేది ఒకటి దగ్గర ఆగక ఏం చేస్తుంది!

ఎన్ని మెట్లు?

అసలు రుచి ఇక్కడుంది. పదిలో 1కి 9, 3కి 7 జత. కలిపితే పదే. రెండు దాటిన ప్రతి సంఖ్యకూ ఇలాగే జతలు కుదురుతాయి కాబట్టి జవాబు సరిసంఖ్యే. మరి సరిగ్గా సగం దగ్గరున్న అంకెకు అదే జత కాదా? పిల్లలు తరచూ వదిలేసేది ఇదే. పదిలో ఐదుకు ఉమ్మడి కారణాంకం ఐదు ఉంది, అది లెక్కలోకే రాదు.

ఇక సరిసంఖ్యకు బేసి అంకెలే పనికొస్తాయి. అంటే సగానికి మించవు. మొదటి మెట్టు దిగాక ప్రతిసారీ సగమో, అంతకన్నా తక్కువో. పది లక్షలతో మొదలెట్టినా 20 మెట్లు దాటదు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లిషో అయిన రాజపాళయం పిల్లలకు ఇంత వివరమూ ఇంటిభాషలోనే చెప్పొచ్చు. గుర్తులూ సూత్రాలూ తర్వాత సంగతి.

అన్ని లెక్కలూ ఇలా లొంగవు. సరి అయితే సగం, బేసి అయితే మూడింతలకు ఒకటి కలపడం.. చిన్న పిల్లాడైనా చేసేస్తాడు. 27 మాత్రం 9232 దాకా ఎగిరి, 111 మెట్లకు గానీ ఒకటికి రాదు. అది తగ్గుతూనే పోదు, అదే చిక్కు. అన్ని సంఖ్యలూ ఒకటికి చేరతాయని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు.

పిళ్లై 1950 ఆగస్టు 31న, అమెరికాలో ప్రపంచ గణిత మహాసభకు వెళ్తూ కైరో దగ్గర విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన వయసు 49.