పాలకూర కట్ట, ఐఎన్ఆర్ లెక్క

పాతబస్తీలోని మీర్ ఆలం మండికి వచ్చే పాలకూర, తోటకూర కట్టలకూ, కాలి సిరలో గడ్డకట్టే రక్తానికీ ఏం సంబంధం అంటావా? ఉంది బిడ్డా, చెప్తా విను.

ఒక కాలి పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పుడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. అందులోంచి ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. మూసీ ఒడ్డున ఉస్మానియా దవాఖానాకు పోయినా, గల్లీ చివర డాక్టరుకు చూపించినా తరచూ వినబడే పరీక్షలు రెండు: రక్తానికి డీ-డైమర్, కాలికి కలర్ డాప్లర్ స్కాన్.

డీ-డైమర్ పేరు కరోనా రోజుల్లో ఇంటింటికీ తెలిసింది. రక్తపు గడ్డను పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే పోగుల అల్లిక. ఒంట్లోని ప్లాస్మిన్ దాన్ని కోస్తుంటే రాలే తునకలే డీ-డైమర్. పాతబస్తీ గల్లీలో ఇటుక పెళ్లలు కనబడితే దగ్గర్లో గోడ కూలుస్తున్నారని తెలుస్తుంది, ఎవరింటిదో తెలియదు. ఇదీ అంతే. జ్వరం, గర్భం, ఆపరేషన్, పెద్ద వయసు, ఏదైనా దాన్ని పెంచగలదు. అందుకే అనుమానం తక్కువున్నవారిలో డీ-డైమర్ కూడా తక్కువుంటే గడ్డ లేదనుకోవచ్చు. ఎక్కువుంటే మాత్రం డాప్లర్‌లో చూసి తేల్చుకోవాల్సిందే. రక్తం గడ్డకట్టకుండా కొన్ని నెలలు మందు వాడి ఆపాక, గడ్డ మళ్లీ వచ్చే ముప్పు ఎంతో అంచనా వేయడానికీ కొందరు డాక్టర్లు దీన్ని చూస్తారు.

మందు ఎంత పనిచేస్తోందో చెప్పే లెక్క వేరు. అదే ఐఎన్ఆర్, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే పరీక్ష. వార్ఫరిన్, ఎసిట్రోమ్ మాత్రలు వేసుకునేవారికి ఇది తప్పదు. మందు లేనివారిలో అది 1 దగ్గర ఉంటుంది. కాలి గడ్డకు మందు వాడేటప్పుడు 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం. ఈ మాత్ర పూర్తిగా పట్టు సాధించడానికి ఐదారు రోజులు పడుతుంది కాబట్టి మొదట్లో హెపారిన్ సూదిమందూ కలిపి ఇస్తారు.

వార్ఫరిన్ కథ ఆవులతో మొదలైంది. 1920లలో అమెరికా, కెనడాల్లో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని వరసలోదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1954లో మనుషులకూ మందయింది. విటమిన్-కె పనికి అడ్డుపడి, గడ్డకట్టించే ప్రొటీన్లు కాలేయంలో సరిగ్గా తయారుకాకుండా చేస్తుంది.

పాలకూర, తోటకూరల్లో విటమిన్-కె దండిగా ఉంటుంది. వారమంతా ఆకుకూర ముట్టక, ఒక్కసారిగా రోజూ ఆకుకూర పప్పు తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది. ఉన్నట్టుండి మానేస్తే పెరుగుతుంది. మానాల్సిన పనిలేదు, రోజూ ఒకే తీరుగా తింటే చాలు. రివరోక్సబాన్, ఎపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు ఈ ఆకుకూరల పట్టింపు లేదు, ఐఎన్ఆర్ వాటి పనిని కొలవనూ లేదు.

ఇంట్లో పెద్దలెవరైనా ఎసిట్రోమో వార్ఫరినో వేసుకుంటుంటే ఐఎన్ఆర్ చీటీలన్నీ ఒకచోట దాచి, పోయిన ప్రతిసారీ డాక్టరుకు చూపించండి. మలం నల్లగా వచ్చినా, చిగుళ్ల నెత్తురు ఆగకపోయినా వెంటనే దవాఖానాకు పోవాలి. కాలి వాపు తగ్గింది కదా అని మాత్రను మీరే ఆపొద్దు.