అమ్మమ్మ చేతి కొలత

కొల్లేటికోట కొల్లేరు నడుమ ఉన్న లంక ఊరు. కైకలూరు మీదుగా అక్కడికి వెళతారు. ఆ ఊరి దేవత పెద్దింట్లమ్మ తల్లి. ఏటా ఫాల్గుణ మాసంలో అమ్మవారి జాతర జరుగుతుంది. ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, ఇంకా ఎన్నో ఊళ్ల నుంచి జనం వస్తారు.

ఈ చుట్టుపక్కల వరి బాగా పండుతుంది. సంక్రాంతికి కొత్త ధాన్యం ఇంటికి చేరుతుంది. బియ్యం, బెల్లం కలిస్తే అరిసెలు. పండక్కి అరిసెలు ఉండాలి. పసిబిడ్డ మొదటి అడుగు వేస్తే అరిసెలు పంచుతారు. కూతురికి పెట్టే సారెలోనూ అరిసెలు ఉంటాయి.

ఇంట్లో అరిసెల పాకం పట్టేది ఎవరు? అమ్మమ్మ, లేదా నాయనమ్మ.

"బెల్లం ఎంత వెయ్యాలి అమ్మమ్మా?" అని మనవరాలు అడుగుతుంది.

"చూసి వెయ్యాలే పిల్లా" అంటుంది అమ్మమ్మ.

"పాకం ఎంతసేపు కాగాలి?"

"వచ్చినప్పుడు తెలుస్తుంది."

అమ్మమ్మ దాచిపెట్టడం లేదు. ఎన్నో ఏళ్లుగా చేసి చేసి ఆమెకు చూపే కొలత అయింది. వేళ్లే కాటా అయ్యాయి. కానీ ఆ కొలత ఆమె దగ్గరే ఉంది. ఆమె మంచాన పడితే ఆ రుచి కూడా పోతుంది. చాలా ఇళ్లలో అలాగే పోయింది. ఇంట్లో ఒక్క ఆడమనిషికి రాయడం వస్తే చాలు. ఆ కొలతను పుస్తకంలోకి ఎక్కించవచ్చు.

సోల నుంచి కిలోకు

పెద్దవాళ్లు సోల, తవ్వ, మానిక అంటారు. 4 గిద్దెలు 1 సోల. 2 సోలలు 1 తవ్వ. 2 తవ్వలు 1 మానిక. ఇవి పాత్రతో కొలిచే కొలతలు. దుకాణంలో మాత్రం కిలోల్లో తూస్తారు. మన దేశంలో కిలో, లీటరు, మీటరు కొలతలకు 1956లో చట్టం వచ్చింది. అయినా వంటింట్లో సోల మిగిలే ఉంది.

సోలెడు బియ్యం ఒక బరువు. సోలెడు బెల్లం తురుము ఇంకో బరువు. అందుకని అమ్మమ్మ వాడే సోలనే తీసుకోవాలి. అంచుదాకా పొయ్యాలా, గోపురంగా పొయ్యాలా అని ఆమెనే అడగాలి. అలా కొలిచిన బియ్యాన్ని, బెల్లాన్ని దుకాణంలో విడివిడిగా తూయించాలి. ఆ బరువులు రాసుకోవాలి.

"గుప్పెడు నువ్వులు" అంటే ఎవరి గుప్పెడు? అమ్మమ్మ గుప్పెడు వేరు, మనవరాలి గుప్పెడు వేరు. అమ్మమ్మ తీసిన నువ్వులను ఒక గ్లాసులో పోసి, ఎంతదాకా వచ్చాయో చూడాలి.

పిండిలో తడి ఉండాలి

1 కిలో బియ్యానికి సుమారు ముప్పావు కిలో బెల్లం పడుతుంది. తీపిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. బియ్యాన్ని ఒక పగలు, ఒక రాత్రి నానబెడతారు. మధ్యలో నీళ్లు మారుస్తారు. తరవాత నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే పిండి పట్టిస్తారు. జల్లించిన పిండిని అదిమి మూతపెడతారు. తడి పోతే అరిసె గట్టిపడుతుంది. దుకాణంలో దొరికే పొడిపిండి అరిసెలకు పనికిరానిది అందుకే.

పాకంలోనే ఉంది పని

బెల్లంలో గ్లాసు నీళ్లు పోసి కరిగించాలి. ఇసుక, నలకలు పోయేలా వడగట్టాలి. మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. కాగేకొద్దీ నీరు ఆవిరై పోతుంది, పాకం చిక్కబడుతుంది.

పళ్లెంలో చన్నీళ్లు పోసి, అందులో ఒక చుక్క పాకం వేయాలి. వేళ్లతో దగ్గరకు తీయాలి. నీళ్లలో కరిగిపోతే ఇంకా లేతగా ఉన్నట్టు. మెత్తని ఉండ అయితే సరిపోయినట్టు. రాయిలా ఉంటే ముదిరినట్టు. లేత పాకంతో చేస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదురు పాకంతో చేస్తే పళ్లకు పని చెబుతుంది. పిండి కలపకముందే చూసుకుంటే ముదిరిన పాకంలో కాసిని నీళ్లు పోసి మళ్లీ కాచుకోవచ్చు.

అమ్మమ్మ "వచ్చినప్పుడు తెలుస్తుంది" అన్నది ఈ ఉండ గురించే.

పాకం దించి నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేస్తారు. పిండిని కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతారు. ఇదే చలిమిడి. నిమ్మకాయంత ముద్ద తీసి, నూనె రాసిన ఆకు మీద తట్టి, సన్నని మంట మీద వేయిస్తారు. రెండు చెక్కల మధ్య నొక్కితే నూనె కారిపోతుంది. అరిసెలను అచ్చుకాగితం మీద ఆరబెట్టకూడదు. అందులోని సిరా తిండికి అంటుతుంది. శుభ్రమైన బట్ట మేలు. బాగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

పిల్లలు దూరంగా ఉండాలి

మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలు. ఈ పాకం వేడి 110 డిగ్రీలు దాటుతుంది. పైగా ఒంటికి అంటుకుంటుంది. కాలితే వెంటనే ఆ చోట చల్లని నీళ్లు 20 నిమిషాలు పొయ్యాలి. సిరా, పసుపు, పళ్లపేస్టు రాయకూడదు. కాలిన చోటు పెద్దదైతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటి విద్యకు విలువ ఉంది

పిండివంట ఇంటి పనే కదా అని చులకన చేస్తారు. కోనసీమ జిల్లా ఆత్రేయపురం చూడండి. అక్కడి ఆడవాళ్లు బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చని బియ్యపు పిండినీళ్లలో బట్ట ముంచి కుండ మీద లాగుతారు. కాగితం కన్నా పల్చని రేకు వస్తుంది. ఆ రేకుల్లో నెయ్యి, బెల్లం పెట్టి చుడితే పూతరేకులు. ఎన్నో కుటుంబాలు ఆ పనితో బతుకుతున్నాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ విద్య కూడా పెద్దల నుంచి పిల్లలు నేర్చుకున్నదే.

పుస్తకంలో ఏం రాయాలి?

అమ్మమ్మ పక్కన కూర్చుని ఇవి రాయాలి:

బియ్యం ఎంత? ఎన్ని గంటలు నానాయి?
బెల్లం ఎంత? నీళ్లు ఎన్ని?
పాకం ఉండ ఎలా ఉంది?
పిండి ఎంత పట్టింది? ఎంత మిగిలింది?
ఎన్ని అరిసెలు వచ్చాయి?
ఏది చెడింది? ఎందుకు చెడింది?

చివర అమ్మమ్మ పేరు, ఊరు, తేదీ రాయాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి. తప్పు ఉంటే ఆమే చెబుతుంది. ఆమె చెప్పినట్టు దిద్దాలి. మరుసటి పండక్కి ఆ పుస్తకం చూసి మనవరాలు పాకం పట్టాలి. అమ్మమ్మ పక్కన కూర్చుని చూడాలి.