రోగనిరోధక శక్తి తగ్గినవారిలో శోథ సూచికలు: సి-రియాక్టివ్ ప్రోటీన్ - పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఇన్‌ఫ్లమేషన్ అనే వైద్యపదానికి తెలుగు వాడుకలో 'వాపు', 'మంట' అనే మాటలున్నాయి. అవి పైకి తెలిసే లక్షణాలను చెబుతాయే గాని రక్తంలో జరిగే మార్పును సూచించవు. ఆయుర్వేదంలోని 'శోథ' శబ్దానికి కూడా మూలార్థం వాపే. అయినా పారిభాషిక పదంగా దానినే గ్రహించడం సముచితం.

కీమోథెరపీ పొందుతున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారికి ఇన్‌ఫెక్షన్ సోకితే దాని జాడ త్వరగా తెలియదు. చీము పట్టడం, ఎర్రబడడం, ఎక్స్‌రేలో న్యుమోనియా మచ్చ కనబడడం చాలావరకు తెల్లరక్తకణాల పోరాటానికి ఆనవాళ్లు. న్యూట్రోఫిల్ కణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గినప్పుడు ఆ ఆనవాళ్లు మసకబారుతాయి. తరచుగా జ్వరమొక్కటే మిగులుతుంది. స్టెరాయిడ్లు దానిని కూడా అణచివేయగలవు.

2. కాలేయం నుంచి వచ్చే సూచిక:

సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. న్యూమోకోకస్ బాక్టీరియాలోని 'సి' పాలిసాకరైడ్‌తో చర్య జరుపుతుంది కనుక ఆ పేరు వచ్చింది. దీనిని ప్రధానంగా తయారుచేసేది కాలేయం. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం అందిన కొద్ది గంటల్లో ఉత్పత్తి పెరిగి, సుమారు 48 గంటలకు గరిష్ఠస్థాయికి చేరుతుంది. న్యూట్రోఫిల్స్ క్షీణించినా ఈ ఉత్పత్తి ఆగదు. వీరి విషయంలో ఈ పరీక్షకు విలువ అందువల్లనే.

రక్తంలో దీని అర్ధాయువు సుమారు 19 గంటలు. చికిత్స పనిచేస్తే అంకె రోజురోజుకు దిగుతుంది. దిగకపోతే మందునూ, నిర్ధారణనూ మళ్లీ పరిశీలించవలసి ఉంటుంది. కనుక ఒక్కనాటి అంకె కంటే వరుస అంకెల గమనమే ముఖ్యం. అయితే కొన్ని ప్రయోగశాలలు లీటరుకు, మరికొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఫలితమిస్తాయి. డెసిలీటరుకు 5 అంటే లీటరుకు 50. ప్రయోగశాల మారినప్పుడు ఇది గమనించకపోతే పోలిక తారుమారవుతుంది.

3. సూచిక విఫలమయ్యే సందర్భాలు:

శస్త్రచికిత్స, క్యాన్సర్ కూడా ఈ ప్రోటీన్‌ను పెంచుతాయి. ప్రోకాల్సిటోనిన్ బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌ను కొంత మెరుగ్గా సూచించినా, శిలీంధ్ర వ్యాధుల్లో అంతగా పెరగకపోవచ్చు.

అసలు చిక్కు టోసిలిజుమాబ్ వంటి మందులతో వస్తుంది. కొవిడ్ కాలంలో ఈ పేరు వార్తాపత్రికలలో విరివిగా కనిపించింది. అది ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని అడ్డుకోవడంతో కాలేయానికి సంకేతమే అందదు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంకె సాధారణంగానే కనిపించవచ్చు. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలోనూ ఇటువంటి పొరపాటుకు అవకాశముంది. న్యూట్రోఫిల్స్ తగ్గిన రోగికి జ్వరం వచ్చినప్పుడు ఈ ఫలితాల కోసం ఆగకుండా, రక్తనమూనా కల్చర్‌కు తీసుకొని గంటలోపే యాంటీబయాటిక్ ప్రారంభించాలని వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.